పటేలు చేనులో మా మంద

నవాబు రాజ్యం పోయి మిలిటరీ వచ్చాక ఊళ్ళు బాగుపడ్డాయని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తాండూరులో దిగిన సిపాయిలు మమ్మల్ని ఏమీ అనలేదు, అది నిజమే. నీళ్ళు అడిగి తాగి, చెంబు తిరిగి ఇచ్చి పోయేవారు. అయితే అడవిలో దాక్కున్న తిరుగుబాటుదారులను పట్టడానికి ఊరు తెలిసినవాళ్ళు కావాలట. పెద్దేముల్ దగ్గరి మా ఊళ్ళో పటేలు మనుషులకు తుపాకులిచ్చి, రక్షక దళమని పేరు పెట్టారు. రెండేళ్ళ ముందు నవాబు తరఫున వేరే ఖాకీ తొడుక్కుని మా అత్తింటి పొట్టేళ్ళను లాక్కుపోయినవాళ్ళూ వీళ్ళే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు!

నేను తాండూరు నుంచి ఈ ఊరి గొర్రెల కాపరుల ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది. ఎండాకాలం రాత్రిళ్ళు రైతుల చేలల్లో మంద ఆపడం మా పని. ఎరువు చేనుకు, జొన్నలు మాకు. కాపరులు చేలల్లో పడుకుంటే అడవిలోని వాళ్ళకు బువ్వ పెడతారు కాబట్టి మంద ఎక్కడా ఆపకూడదని దళం హుకుం తెచ్చింది. పటేలు చేనులో మాత్రం ఆపవచ్చట, అక్కడ వాళ్ళ కాపలా ఉంటుందట. మూడు ఊళ్ళ గొర్రెల పెంట పటేలు భూమికే చేరింది. దీనికి యుద్ధమని పేరు, థూ! తిరుగుబాటుదారుణ్ణి ఒక్కణ్ణి కూడా నేను కళ్ళారా చూడలేదు.

మా మామ మొండివాడు. ఊరి చివర ఒక ముసలమ్మకు రెండెకరాల చెలక ఉండేది. ఏటా తొలకరికి ముందు అందులో మంద పెడతానని ఆమెకు మాటిచ్చాడు. ఆ మాట కోసం తాండూరు క్యాంపుకు బయలుదేరాడు. నాకు ఉర్దూ వచ్చని నన్నూ వెంటబెట్టుకున్నాడు.

అక్కడి ఆఫీసరు మామకు కుర్చీ వేయించి, అంతా ఓపికగా విన్నాడు. ఎవరి చేనులో ఆపుతారని అడిగాడు.

"చెప్పు బిడ్డా, ఆమె పేరు చెప్పు. ఒంటి మనిషి, జర దయ జూడమను," అన్నాడు మామ.

ముసలమ్మ పేరు, చేను జాడ అన్నీ చెప్పాను. ఆఫీసరు రాసుకుని, ఊరి సంగతి దళానికే తెలుస్తుంది కాబట్టి కాగితం వాళ్ళకే పంపుతానన్నాడు. ఆఫీసరు కాగితాన్ని దళం కాదనలేదు, పని అయిందనుకుని దారి పొడుగునా మురిసిపోయాం.

నాలుగో రోజు పొద్దున దళం ముసలమ్మ ఇంటి మీద పడింది. కాపరులను రాత్రిళ్ళు చేనుకు పిలిపించుకునే మనిషి అని ఆమె మీద నేరం మోపారు. విత్తనానికి దాచిన జొన్నలు అడవి వాళ్ళ కోసమేనని మూటగట్టుకుపోయి, ఆమెను వికారాబాద్ ఠాణాలో పెట్టించారు. మేము మళ్ళీ క్యాంపుకు పరుగెత్తాం. పట్టుకున్నది తాము కాదన్నాడు ఆఫీసరు, మళ్ళీ కుర్చీ వేయించి. ఆయన చేతికి మట్టి అంటలేదు. అంటించుకునే చేతులను ఊళ్ళో పెట్టుకున్నాడు మరి.

వానలు పడ్డాక ముసలమ్మను వదిలారు. గంపలో జొన్నలు పోసుకుని ఆమె ఇంటికి పోయాను. గడప దాటనివ్వలేదు.

"పటేలు దొంగని నాకెర్కే. మిలిటరోళ్ళు ఊరోళ్ళు కారు, ఆళ్ళకేం దెలుస్తది? నా పేరు గాళ్ళ దాకా మోసింది నువ్వు," అంది.

ఆ మాట అబద్ధమైతే నా రోతంతా పటేలు మీదే ఉండేది.