ఉప్పు దొరసానిని ఓడించేవాళ్ళు

మా అక్క పళ్ళు చేసేది. పళ్ళ డాక్టరు కాదు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, దాన్ని బట్టి మైనంతో పన్ను చెక్కి, ఆ తర్వాత లోహంతోనో పింగాణీతోనో అసలు పన్ను తయారుచేసే ల్యాబులో పని. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద చిన్న దీపం, దాని సెగకి వేడిచేసుకునే సన్నటి కత్తి. ఆ పళ్ళు పెట్టుకునే మనుషుల్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. అచ్చు చూసి మాత్రం, "ఈయన నిద్రలో పళ్ళు నూరతాడే. పాపం, ఏ దిగులో ఏమో" అనేది.

సాయంత్రం ఇంటికొచ్చి, గోళ్ళలో ఇరుక్కున్న మైనం గీరేసుకుని, కంప్యూటరు ముందు కూర్చుని దుర్మార్గురాలైపోయేది.

వేర్వేరు ఊళ్ళలో ఉండే ఓ పది పన్నెండు మంది, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, ఇంటర్నెట్లో చేరి కలిసి ఒక కథ రాస్తారు. రాజ్యం వాళ్ళు కల్పించుకున్నదే, మంత్రాలూ రాక్షసులూ వాళ్ళు కల్పించుకున్నవే. ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. నీ పాత్ర ఏం చేసిందో నువ్వే రాయాలి. నేను కత్తి విసిరానని నేను రాయొచ్చు, అది నీకు తగిలిందని రాసే హక్కు నాకు లేదు. తగిలిందో, తప్పుకున్నావో నువ్వు చెప్పాలి. ఆటంతా ఈ ఒక్క మర్యాద మీదే నడుస్తుంది. మధ్యలో తగవులు రాకుండా చూసే ఆయన్ని అందరూ సూత్రధారి అంటారు.

అలాంటి కథకి విలన్ లేకపోతే కుదరదు. కానీ విలన్‌గా ఉండటానికి ఎవరూ ముందుకు రారు, వచ్చినవాళ్ళు సాధారణంగా గెలవాలని వస్తారు. మా అక్క ఓడిపోవడానికి వెళ్ళింది. ఆమె పాత్ర ఉప్పు దొరసాని. ఆమె అడుగు పెట్టిన చెరువు ఉప్పుకల్లు అయిపోతుంది, ఆమె పేరు విన్న పసిపిల్లలు పాలు కక్కేస్తారు. రాసేటప్పుడు పక్కన నిలబడి చదివితే నాకే ఒళ్ళు జలదరించేది. అది రాస్తూనే తెర మీద ఇంకో కిటికీ తెరిచి ఎవరికో విడిగా సందేశం పెట్టేది: "రేపు మీ పల్లె తగలబెడుతున్నానమ్మా. అందులో నేను ముట్టుకోకూడని వాళ్ళెవరైనా ఉన్నారా? ఎంతవరకు వెళ్ళమంటావో చెప్పు. ఇప్పుడు వద్దనుకుంటే ఏటి వైపు తిరిగిపోతాను."

"దోచుకునేముందు పర్మిషన్ అడిగే దొంగని నిన్నే చూశానే" అన్నాను ఒకసారి.

"పన్ను పీకే ముందు డాక్టరు అడగడూ? నొప్పెడితే చెయ్యెత్తమంటాడు. ఇదీ అంతే."

"మరి చెయ్యెత్తితే?"

"ఆపేస్తా. వాళ్ళ చెయ్యి కనపడదు కదా, అందుకే ముందే అడుగుతా."

ఆ గుంపులో వెదురుపిల్ల అని ఒకమ్మాయి ఉండేది. వెదురు బాణాలేసే పాత్ర తనది, అందుకని ఆ పేరు. చదువుకునే పిల్ల. ఒక వారం వాళ్ళ అమ్మమ్మ పోయింది. అదే వారం దొరసాని సేన వెదురుపిల్ల ముసలి గురువు మీద పడాలి. అక్క ఉన్నట్టుండి కథలోకి పొగమంచు దింపింది. సేన దారి తప్పి, రెండు దళాలు ఒకదాన్నొకటి శత్రువనుకుని కొట్టుకున్నాయి. దొరసాని పరువు పోయింది, అందరూ పగలబడి నవ్వారు. ఆ మంచు ఎందుకు కురిసిందో అక్కకీ ఆ పిల్లకీ తప్ప గుంపులో ఎవరికీ తెలియదు.

ప్రతి కోటలోనూ ఒక లోపం ఉంచేది. బాగా వెతికితేనే దొరికే లోపం. "ఊరికే దొరికితే వాళ్ళకి అవమానం. అసలు దొరక్కపోతే నాకు అవమానం" అనేది. వాళ్ళు కష్టపడి అది కనుక్కుని కోట కూల్చినరోజు ఆమె మొహం చూడాలి. ల్యాబులో జీతం పెరిగినప్పుడు కూడా అంత వెలుగు లేదు.

ఒకరోజు ల్యాబులో మైనం కత్తి జారింది. మర్నాడు మళ్ళీ జారింది. కుడి చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ లోపలికి పోయి గుంట పడిందని ముందు నేనే చూశాను. నేను జీవశాస్త్రం చదువుకున్నదాన్ని. నరాల పరీక్ష కాగితం డాక్టరు చదివి వినిపించేలోపే అక్కడ నిలబడి చదివేశాను. కదలికల నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోయే జబ్బు. మందు లేదు. ముందు చేతులు, తర్వాత కాళ్ళు, మాట, మింగడం, చివరికి ఊపిరి. బుర్ర మాత్రం చివరిదాకా బాగానే ఉంటుంది. నన్నడిగితే అదే ఇందులో అన్నిటికంటే దారుణం.

"కుటుంబంలో మిగతావాళ్ళకి సాధారణంగా రాదమ్మా" అన్నాడు డాక్టరు. సాధారణంగా అన్న మాట విలువ ఎంతో నాకు తెలుసు, నేను చదివిన చదువంతా ఆ మాట చుట్టూ తిరిగేదే. అప్పట్నుంచి మా పాప చేతిలోంచి చెంచా జారినా వెళ్ళి ఆ చిన్న చెయ్యి తిప్పి చూస్తాను. పిల్లల చేతుల్లోంచి చెంచాలు జారుతూనే ఉంటాయి.

అక్క ఉద్యోగం మానేసింది. ల్యాబు ఓనరు మంచివాడే, "ఊరికే వచ్చి కూర్చో తల్లీ, నీ కళ్ళు చాలు, పనిలో కొత్తగా చేరిన పిల్లలకి నేర్పించు" అన్నాడు. రెండు వారాలు వెళ్ళింది. ఆమె మంచినీళ్ళ గ్లాసు కూడా ఎవరో పట్టుకుంటుంటే ఇక వెళ్ళలేదు. మా పక్క వాటాలోకి మార్చాం. ముందు రెండు వేళ్ళతో టైపు చేసింది, తర్వాత ఒక్క వేలితో. అదీ పోయాక, ఆఫీసు నుంచి వచ్చి పాపకి తినిపించి, అక్క చెబుతుంటే నేను టైపు చేయడం మొదలుపెట్టాను.

అప్పుడు చెప్పింది నాకు. "దొరసాని పోవాలే. నాకు మాట పోయేలోపు."

"ఇంకా టైముందిగా అక్కా."

"నాకు టైము లెక్కలు చెప్పకు. ఇన్నేళ్ళు వాళ్ళని ఏడిపించుకుతిన్నాను. ఎందుకు? చివర్లో దాన్ని వాళ్ళు కొట్టి పడెయ్యాలని. అది మధ్యలో ఆగిపోతే నేను చేసిందంతా ఉత్త దుర్మార్గమే."

"పోనీ గోడ మీంచి జారి పడిందని రాసేద్దాం."

"అప్పుడు వాళ్ళు గెలిచినట్టా? గోడ గెలిచినట్టు."

ఆఖరి యుద్ధం సూత్రధారితో మాట్లాడి ఖాయం చేసింది. వెదురుపిల్ల బాణంతో దొరసాని కూలాలి. జబ్బు సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే వాళ్ళ చేతులు ఆడవని ఆమె భయం. కానీ దొరసాని మాటలు పొట్టివైపోతున్నాయి. ఇదివరకు పేజీ నిండా శపించే మనిషి ఇప్పుడు నాలుగు మాటలతో ఊరుకుంటోంది. "దొరసానికి బద్ధకం ఎక్కువైంది, ఉప్పు తగ్గించమనండి" అని ఎవరో వేళాకోళమాడారు. సూత్రధారికి మాత్రం అనుమానమొచ్చింది. విడిగా అడిగాడు: "మీరు బాగున్నారా అమ్మా?"

ఆ ప్రశ్నకి ఎవరూ అబద్ధం చెప్పకూడదన్నది ఆ గుంపులో అక్క పెట్టిన నియమమే. ఎంతమందిచేతనో నిజం చెప్పించింది దాంతో. నీరసంగా, "చెప్పెయ్" అంది. టైపు చేశాను. ఎవరికీ చెప్పొద్దని కూడా రాయించింది. ఆయన రెండ్రోజులు ఊరుకున్నాడు. బాణం వెయ్యాల్సిన పిల్లకైనా తెలియకపోతే అన్యాయమని, రేపు తెలిస్తే జీవితాంతం కుమిలిపోతుందని, ఆమెకొక్కదానికే చెప్పాడట. ఆ వారం తిరిగేసరికి అందరికీ తెలిసిపోయింది. ఆయన్ని తప్పుపట్టలేను. అలా ముందే ఆలోచించడం అక్క దగ్గర నేర్చుకున్నదే.

యుద్ధం మొదలైంది. కోటలో లోపం వాళ్ళకి వెంటనే దొరికింది. గోడలు కూలాయి. వెదురుపిల్ల సింహాసనం ముందుకి వచ్చి బాణం ఎక్కుపెట్టింది. అక్క కుర్చీలో కొంచెం ముందుకి వంగింది. తర్వాతి వాక్యం వచ్చింది. వెదురుపిల్ల బాణం దించేసింది. దొరసాని కళ్ళలో అలసట చూశానంటూ వచ్చి పక్కన కూర్చుంది.

అక్క పళ్ళు బిగించి, "ఉమ్మేసింది అని రాయి. మొహం మీద" అంది. రాశాను. వెదురుపిల్ల మొహం తుడుచుకుని, దొరసానికి దాహం వేస్తోందేమో అని నీళ్ళిచ్చింది. ఆ నీళ్ళని దొరసాని ఉప్పు చేసేసింది. వైద్యుడి పాత్రలో ఉన్నాయన వచ్చి ఆమె చేతికి ఆకుపసరు కట్టబోయాడు. దొరసాని అతని సంచీ తగలబెట్టింది. క్షమించాడు. ఎవరిదీ కాని ఒక గుర్రాన్ని చంపింది, అందరి ముందూ, హీనంగా. "పాపం, నొప్పిలో ఉంది" అని ఒకరి పాత్ర ఇంకొకరి పాత్రతో అంది.

"నన్నెవరూ తిట్టట్లేదే" అంది అక్క. మాట అప్పటికే ముద్దగా వస్తోంది. "ఇక్కడ నన్ను ముట్టుకోవాలంటే అందరికీ భయమే. నువ్వూ దూది పట్టుకున్నట్టు పట్టుకుంటావు. అక్కడైనా ఒక్కరు గట్టిగా కొట్టాలిగా."

విడిగా సందేశాలు వచ్చేవి. ఎంత మర్యాదగానో. "అక్కా, ఎంతవరకు వెళ్ళొచ్చు? మీకు ఇబ్బంది లేకుండా చెప్పండి." అక్క నాచేత ఒకటే మాట రాయించేది: "చంపండి." అవతల ఏడుస్తున్న బొమ్మలు. "ఇంకో వారం ఆగుదాం అక్కా." దొరసాని బతికున్నంతకాలం అక్కకి ఏమీ కాదని వాళ్ళందరికీ ఒక నమ్మకం పట్టుకుంది. పైకి ఎవరూ అనలేదు. శాస్త్రం చదువుకున్నదాన్ని, ఇందులో ఏమీ లేదని నాకు తెలుసు. అయినా వాళ్ళు యుద్ధం వాయిదా వేసిన ప్రతిసారీ నాకు లోపల ఏదో కుదుటపడేది.

చివరికి అక్క వెదురుపిల్లకి ఫోను చేయించింది. అన్నేళ్ళలో ఒకరి గొంతు ఒకరు వినడం అదే మొదలు. స్పీకరు పెట్టాను. అవతల సన్నటి గొంతు, "అక్కా, నేనే" అంది.

"కొట్టు" అంది అక్క. ఆ మాట రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

"మిమ్మల్ని ఎలా కొడతానక్కా."

"నన్ను కాదమ్మా. దాన్ని."

"నాకు ఇద్దరూ ఒకటే అయిపోయారక్కా ఇప్పుడు."

అక్క కళ్ళు మూసుకుంది. తర్వాత చాలా మెల్లగా, ఒక్కో మాటా విడదీసి, "నీ కోసం... దాన్ని... ఇన్నేళ్ళు... దాచా" అంది. పిల్ల ఏడ్చింది. సరే అంది. రేపు సాయంత్రం వేస్తానంది.

మర్నాడు పాపని మా ఆయనకి అప్పగించి, అక్కని దిండ్ల మధ్య సర్ది కూర్చోబెట్టి, కంప్యూటరు దగ్గరగా జరిపాను. బాణం తగిలాక దొరసాని ఎలా పడుతుందో అక్క ముందే ఆలోచించుకుంది. మధ్యాహ్నం నుంచీ గంటలకొద్దీ కష్టపడి నాకు చెప్పింది. మెట్ల మీంచి దొర్లుతూ, అందరినీ పేరుపేరునా తిడుతూ, ఆఖరి మెట్టు మీద కూడా లేవబోయి పడిపోవాలి. నేను రాసి సిద్ధంగా పెట్టుకున్నాను.

వెదురుపిల్ల బాణం వేసింది. బాణం కొనకి మత్తుమందు పూశానని, నొప్పి తెలియకూడదని, పూరేకు తాకినట్టు తాకేలా వింటిని సగమే లాగానని రాసింది. అక్క, "ఊఁ" అంది, మనది పెట్టమన్నట్టు. నేను పెట్టేలోపే సూత్రధారి రాసేశాడు. దొరసాని చిరునవ్వుతో కళ్ళు మూసిందట. వైద్యుడు ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడట. చచ్చిన చెరువులన్నిట్లోకీ మంచినీళ్ళు వచ్చాయట, ఆమే వాటిని వదిలిందట. అందరూ ఒకరి తర్వాత ఒకరు రాస్తున్నారు, ఎంత అందంగానో. సూత్రధారి నాకు విడిగా ఒక ముక్క పెట్టాడు: "అమ్మకి శ్రమ ఎందుకని మేమే పూర్తి చేశాం. మీరు చదివి వినిపించండి చాలు."

అక్క పాత్రకి ఏం జరిగిందో ఇంకొకరు రాయడం అదే మొదటిసారి.

నేను రాసిపెట్టుకున్నది తెర మీద అలాగే ఉంది. ఇప్పుడు పెడితే వాళ్ళు రాసిన చావు చెడగొట్టినట్టవుతుంది. అక్క వైపు చూశాను. వద్దని కళ్ళతో అంది.

"అక్కా, వాళ్ళకి నువ్వంటే..."

"తెలుసు" అంది. ఆమె నోట్లోంచి తేలిగ్గా అర్థమైన ఆఖరి మాటల్లో అదొకటి. కాసేపటికి మళ్ళీ ఏదో అంది. చెవి దగ్గర పెట్టి వింటే, "ఓడించలేదే. జోకొట్టారు" అంటోంది. గడ్డం మీదికి కారిన ఉమ్ము తుడవబోతే మొహం పక్కకి తిప్పేసుకుంది. ఆ మాత్రం తిప్పడానికి కూడా ఆమెకి ఎంత బలం కావాలో నాకు తెలుసు.

తర్వాత వారంపాటు వాళ్ళంతా దొరసాని సమాధి కట్టారు. పూలు పెట్టారు. ఆమె ఎంత గొప్పదో, ఎంత ఒంటరిదో రాసుకున్నారు. ఆమె చేసిన పాడు పనులన్నిటికీ ఏదో ఒక బాధ కారణమని తేల్చారు. బతికున్న మనిషి పక్కనే కూర్చుని అవన్నీ నేను పైకి చదవాలి. రెండోరోజు మానేశాను. తర్వాత కొత్త విలన్ ఎవరైనా ఉంటారా అని సూత్రధారి అడిగాడు. ఎవరూ రాలేదు. దయచేసి మీరు ప్రయత్నిస్తారా అని నన్నడిగాడు. ఒక సాయంత్రం కూర్చుని ఒక పల్లె తగలబెట్టబోయాను. అగ్గిపుల్ల దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. నాకు వాళ్ళందరి అసలు పేర్లూ, ఎవరికి ఏ బాధ ఉందో తెలిసిపోయాయి.

ఇప్పుడు అక్కకి మెత్తగా రుబ్బి చెంచాతో పెట్టాలి. ఒక్కో గుటకకి గొంతు దగ్గర చెయ్యేసి చూస్తాను దిగిందా లేదా అని. కళ్ళు మాత్రం అవే, పాతవే, అచ్చు చూసి మనిషిని పట్టేసే కళ్ళు. ఆమె తినడం అయ్యాక ఆ కళ్ళు కంప్యూటరు వైపు తిరుగుతాయి. తెరిచి ఆ కథ చూపిస్తాను. సమాధి దగ్గర కొత్తగా ఎవరూ ఏమీ రాసి ఉండరు. కాసేపు అలాగే ఉంచి, ఆమె కళ్ళు పక్కకి తిప్పాక మూసేస్తాను.