లేని డబ్బుకు రాని లాభం

మా మామ ప్రాణంగా పెంచుకున్న రెండు సీమ ఆవులు ఒకరోజు చింతామణి సంతలో అమ్మకానికి నిలబడ్డాయి. కారణం కరువు కాదు, జబ్బూ కాదు. నేను. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, నా అతితెలివి కలిసి ఒక కుటుంబాన్ని ఎంత దూరం తీసుకుపోగలవో చెబుతాను, వినండి.

అప్పుడు నేను చిక్కబళ్ళాపురలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. రోజూ బాగేపల్లి నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. మా కామర్స్ మేడమ్ ఒకరోజు క్లాసులో తలా పది లక్షల రూపాయలు పంచారు. కంగారుపడకండి, నోటిమాటగానే. ఆ లేని డబ్బుతో నిజమైన కంపెనీల షేర్లు కొన్నట్టు రాసుకోవాలి. రోజూ వాటి ధర చూసి పుస్తకంలో ఎక్కించాలి. రెండు నెలల తర్వాత ఎవరి పది లక్షలు ఎంతయ్యాయో చూపించాలి.

తోటివాళ్ళు కంపెనీల లెక్కలు చదివి ఎంచుకున్నారు. నేను బిస్కెట్ల కంపెనీని రుచి చూసి, సబ్బుల కంపెనీని వాసన చూసి ఎంచుకున్నాను. ఒక పంపుల కంపెనీవి మాత్రం ఐదు వందల షేర్లు కొన్నాను. ఎందుకంటే మా బోరుబావిలో వాళ్ళ మోటారు రెండేళ్ళుగా కాలిపోలేదు. ఇంతకంటే గట్టి పరిశోధన ఇంకేం కావాలి?

మూడో వారంలో అసలు సంగతి జరిగింది. బస్సులో కూర్చుని ఫోనులో ధరలు చూస్తూ రాస్తున్నాను. పంపుల షేరు 184.5 దగ్గర ఉంది. సరిగ్గా అప్పుడే బస్సు ఒక గుంతలో దిగి లేచింది. నేనూ లేచాను, పెన్నూ లేచింది, మధ్యలో చుక్క మాత్రం కాగితం మీదికి రాలేదు. పుస్తకంలో 1845 అని పడింది. ఆ రోజు నుంచి మొత్తం ధర రాయడం మానేసి, ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నదే కలుపుతూ, తీసేస్తూ పోయాను. ఒక్క రోజులో ఎనిమిది లక్షల లాభం వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకు నా మీద గౌరవం వచ్చింది.

మా అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, మాతోనే ఉండేది. ఒక సాయంత్రం నా పక్కన చేరి అడిగింది.

"ఏం రాస్తాండావమ్మా రోజూ?"

"షేర్లవ్వా. పది లక్షలు పెడితే పద్దెనిమిది అయినాయి."

"నీకు పది లక్షలు యాడివే?"

"ప్రాక్టీసవ్వా ఇది."

ఈ ఒక్క మాటతో అంతా తేలిపోయిందని నేను అనుకున్నాను. అవ్వకు తెలిసిన ప్రాక్టీసు వేరే. బాగేపల్లిలో ఒక లాయరు ప్రాక్టీసు పెట్టి మూడంతస్తుల ఇల్లు కట్టాడు. మనవరాలూ ప్రాక్టీసు పెట్టిందని ఆమె పొంగిపోయి, చింతామణి పక్కన పల్లెలో ఉన్న కొడుక్కి ఫోను కొట్టింది. అతనే మా కిష్టప్ప మామ. టమాటా పండిస్తాడు, రెండు ఆవుల పాలు డెయిరీకి పోస్తాడు.

ఆ ఆదివారమే మామ ఒక బుట్టెడు టమాటాలతో దిగాడు. అంతవరకు నన్ను "పాసయితివా?" అని తప్ప ఇంకో మాట అడగని మనిషి, చాప మీద నా ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"శైలమ్మా, దీనికి భయం లేదు కదా?"

"ధైర్యం చేస్తేనే లాభం మామా."

"నాకూ అట్ల చేసిపెడతావా?"

"దాంట్లో ఏముండాది మామా."

అప్పుడే నిజం చెప్పి ఉండొచ్చు. కానీ అమ్మ ఆ పూట నా కంచంలో రెండో గుడ్డు వేసింది. మా ఇంట్లో రెండో గుడ్డు నాన్నకు తప్ప ఎవరికీ పడదు. ఆ గుడ్డు నోట్లో ఉండగా నిజం బయటికి రాలేదు.

రెండు రోజుల తర్వాత, గడువుకు ముందే ఒకసారి మేడమ్ పుస్తకాలు చూశారు. నాది చూస్తూ చూస్తూ ఒక గీత దగ్గర ఆగి, "చుక్కె ఎల్లి హోయ్తమ్మా?" అన్నారు. కన్నడంలో, చుక్క ఎక్కడికి పోయిందని. ఎర్ర పెన్నుతో ఆ చుక్క పెట్టి లెక్క మళ్ళీ కట్టారు. పద్దెనిమిది లక్షలు కాదు, తొమ్మిది లక్షల అరవై వేలు. లాభం మాట అటుంచి, నలభై వేలు నష్టం.

క్లాసు బయటికి వచ్చేసరికి అమ్మ ఫోను.

"మామ ఆవుల్ని తోలుకొని సంతకు పోయినాడంట. దుడ్డు నీ చేతికి ఇస్తాడంట. ఏం చెప్పినావే వానికి?"

మామకు ఫోను చేశాను. అది ఇంట్లో చార్జింగులో ఉందని అత్త చెప్పింది. చింతామణి బస్సెక్కాను. ఆ బస్సు దారిలో ప్రతి చెట్టునూ పలకరిస్తూ పోయినట్టు అనిపించింది. మామ పిల్లల చదువు ఆ పాల మీదే నడుస్తోంది. కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. అబద్ధమెందుకు, కండక్టరు చూసి చిల్లర కూడా అడగలేదు.

సంతలో మామ దొరికేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దళారి చేయీ మామ చేయీ ఒకే తువ్వాలు కింద ఉన్నాయి. వేళ్ళతో బేరం నడుస్తోంది. నేను పోయి ఆ తువ్వాలు లాగేశాను.

"మామా, ఆ దుడ్డు లేదు."

"ఏ దుడ్డు?"

"పద్దెనిమిది లక్షలు. అది పుస్తకంలో దుడ్డు."

"బ్యాంకు పుస్తకంలోనే కదా?"

"కాలేజీ నోటుపుస్తకం మామా. అంతా ఉత్తుత్తిది. దాంట్లోనూ నలభై వేలు పోయినాయి."

మామ నా వైపు తిరిగాడు. "లేని దుడ్డును పోగొట్టినావా?"

"అవును మామా."

"ఉండే దుడ్డు నీ చేతికిచ్చింటే?"

నాలుగు తగిలిస్తాడని తల వంచుకుని నిలబడ్డాను. దళారి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"పాపను ఏమీ అనొద్దప్పా. పొద్దున్నుంచి మూడు బేరాలు తెచ్చినా. మంచి రేటొచ్చినా వద్దన్నావు. నీకు అమ్మే మనసే లేదు."

మామ ఆవు మెడ నిమిరాడు. తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు. "ఎవరన్నా వచ్చి వద్దంటే బాగుండునని చూస్తాండా."

ఒక ఆవు పలుపు మామ పట్టుకున్నాడు, రెండోది నేను పట్టుకున్నాను. అది దారి పొడుగునా నా చున్నీ నములుతూనే ఉంది. నమలనిచ్చాను. మామ ఇంటి గుమ్మంలో అత్త రెండు పలుపులూ అందుకుని, ఏమీ అడగకుండా నాకు మజ్జిగ తెచ్చిచ్చింది.

మర్నాడు బాగేపల్లిలో అవ్వను ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా విప్పి చెప్పాను. మేడమ్, నోటుపుస్తకం, చుక్క, నలభై వేలు, ఏదీ వదలలేదు. అవ్వ అంతా శ్రద్ధగా విని, నా తల నిమిరి ఓదార్చింది.

"పోనీలేమ్మా. ఇంకా తొమ్మిది లక్షల అరవై వేలు మిగిలుండాది కదా. దాన్నన్నా బ్యాంకులో వెయ్యి."

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నేను షేర్లు కొన్నా, కొన్నట్టు రాసుకున్నా, మా అవ్వ వినేలా ఒక్క అంకె కూడా పైకి చదవను.