ఎడమచేతి ముడి

దయ్యాలను నమ్మేవాళ్ళంటే నాకు చులకన. దాచుకోవడం దేనికి, వాళ్ళ భయం మీదే మా కొట్లో నిమ్మకాయలు, బూడిద గుమ్మడికాయలు కదిలేవి. అమావాస్య ముందు రోజు గుమ్మడికాయకు బేరమాడిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నువ్వూ ఒకనాడు ఆ వరసలో నిలబడతావని ఎవరైనా చెప్పి ఉంటే, ఆయనకు కూడా ఒక గుమ్మడికాయ అంటగట్టి పంపేవాణ్ణి.

ఇది తాండూరులో జరిగింది, తులాలు పోయి గ్రాములు వచ్చిన కొత్తలో. మాది కిరాణా కొట్టు. మా నాయన పోయి అప్పటికి మూడేళ్ళు. కొట్టు నేను చూసుకునేవాణ్ణి, మా అన్న రాజేశం ధాన్యపు గంజ్‌లో కందులు కొనేవాడు.

మా అన్నకు రెండు కాలాలు ఉండేవి. ఒక కాలంలో నిద్ర ఉండదు, నోరు ఆగదు. ఉన్న ఇంటి మీద ఇంకో రెండంతస్తులు లేపుతానని బండ్లకొద్దీ షాబాదు బండలు తెప్పించి వాకిట్లో పడేశాడు. ఇంకో కాలంలో గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. గడ్డం గీయడు, పేరు పెట్టి పిలిచినా పలకడు. ఆ రోజుల్లో మా వదినె సత్తెమ్మ బావి దగ్గర చేదతాడు తీసి బియ్యం గుమ్మిలో దాచేది. ఎందుకని మేమెవరమూ అడిగేవాళ్ళం కాదు.

హైదరాబాదులో ఒక మనసు డాక్టరు మాత్రలిచ్చాడు. నెల దాటేసరికి అన్న తనంతట తాను గడ్డం గీసుకున్నాడు. తనను అడగకుండా వీటితో ఇంకే మందూ వెయ్యొద్దని ఆ డాక్టరు రెండుసార్లు చెప్పాడు. నేను లోపల నవ్వుకున్నాను. పక్క కొట్లో పప్పు పుచ్చు అని నేను రోజుకు పదిసార్లు చెప్తాను. ఈయనా అదే చెప్తున్నాడు, కాకపోతే ఇంగ్లీషు చదివి చెప్తున్నాడు అనుకున్నాను.

మాత్రలు పనిచేశాయి. కొంచెం ఎక్కువే పనిచేశాయి. అన్న మళ్ళీ గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాడు, కొడంగల్‌లో ఇంకో కొట్టు తెరుద్దామన్నాడు. వాకిట్లో బండలు ఇంకా అలాగే పడి ఉన్నాయి, ఆ కాలం మళ్ళీ వస్తోందనుకున్నాను. అనంతగిరి అడవిలో వేర్లు తవ్వే ముసలాయన ఒకడున్నాడని, ఆయన వేరుతో ఎంతటి పిచ్చి అయినా అణుగుతుందని విని అక్కడికి పోయాను.

"ఇంకేమన్న మందు తింటుండా మీ అన్న?" అని అడిగాడు.

"ఏం తింటలేడు తాతా."

ఉందంటే వేరు ఇవ్వడని, ఇచ్చినా ధర పెంచుతాడని నా తెలివి.

"రోజుకు చిటికెడే. మించితే మనిషి కూలబడతడు," అంటూ పొడి పోశాడు.

"గింత దూరం గుట్టెక్కి వచ్చిన. జర కొసరెయ్యి."

"గిది శెనిగెలా కొసరెయ్యనీకి? మందు."

అన్నాడు గానీ వేశాడు. నేను అడిగితే కొసరు వేయని మనిషి అప్పటికింకా పుట్టలేదు. రైల్లో తాండూరు దాకా మీసం దువ్వుకుంటూ వచ్చాను.

నా వైద్యం ఇదీ. మాత్ర మనిషిని లేపుతుంది, వేరు దించుతుంది. తక్కెడలో ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి వేస్తే ముల్లు నడుమ నిలబడాలి. ఇంత చిన్న సంగతి అంత చదివినాయనకు తట్టలేదే అని జాలి కూడా పడ్డాను.

పొద్దున కొట్టు తెరవగానే ఆనాటి మాత్ర, రెండు చిటికెల పొడి ఒకే కాగితంలో వేసి పొట్లం కట్టి గల్లా పక్కన చెక్కపెట్టెలో పెట్టాను. మధ్యాహ్నం ఇంటికి పట్టుకుపోయి తేనెలో కలిపి ఇవ్వాలని నా ఏర్పాటు. తీరా మధ్యాహ్నం పెట్టె తెరిస్తే ఒకటి కాదు, రెండు పొట్లాలున్నాయి. ఒకదాంట్లో మాత్ర, ఇంకోదాంట్లో పొడి.

మా నాయనది ఎడమచేతి వాటం. ఆయన కట్టే పొట్లం మీద దారం అందరికీ ఎదురు దిక్కున తిరిగేది, ముడి కొస ఎడమ మూలలోకి దూరేది. లాగితే దారం తెగాలి తప్ప ముడి ఊడేది కాదు. ఆ విద్య మాకెవరికీ పట్టుబడలేదు. ఇంకో పట్టుదల కూడా ఉండేది ఆయనకు. రెండు సరుకులు ఒక పొట్లంలో కట్టేవాడు కాదు. చారెడు ఓమ, చారెడు జీలకర్ర కలిపి కట్టమని కొనేవాళ్ళే అడిగినా, కాగితం దండగైనా, విడిగానే కట్టి ఇచ్చేవాడు.

పెట్టెలో ఉన్న రెండింటికీ ఆ ముడే ఉంది.

వదినెను అనుమానించాను. "పొద్దుగాల కొట్లకొచ్చినవా వదినె?"

"పొయ్యి కాడికెళ్ళి లేస్తే గద వచ్చేటందుకు. ఎందుకు శంకరయ్యా?"

"మరి గీ ముడి ఎవరేసిన్రు?"

"నన్నడుగుతవేంది? నాకు పొట్లం కట్టుడే రాదు. నీకు సుత రాదని మామ ఎన్నిమాట్ల తిట్టలేదు."

రెండూ తేనెలో కలిపి అన్నకు పెట్టాను. రెండో రోజు పెట్టెకు తాళం వేసి చెవి మొలతాడుకు కట్టుకున్నాను. మధ్యాహ్నానికి మళ్ళీ రెండు పొట్లాలు. మళ్ళీ కలిపాను, పెట్టాను. ఆ సాయంత్రం అన్న తల బరువుగా ఉందన్నాడు. మందు పట్టుకుంటోంది అన్నాను.

మూడో రోజు మాత్రను, పొడిని కల్వంలో వేసి కలిపి నూరాను. తెలుపూ గోధుమా కలిసి ఒకటే మట్టిరంగు పిండి అయింది. పొట్లం కట్టి, లక్క కరిగించి ముద్ర వేసి, తాళం వేసి, పెట్టె ముందే కూర్చున్నాను. గిరాకీలు వచ్చారు, పోయారు, నేను లేవలేదు. మధ్యాహ్నం తెరిచాను. నా పొట్లం ముద్ర చెదరకుండా ఉంది, లోపల ఏమీ లేదు. దాని పక్కన రెండు చిన్న పొట్లాలు. ఒకదాంట్లో తెల్లపిండి, ఇంకోదాంట్లో వేరుపొడి.

బియ్యంలోంచి రాళ్ళు ఏరతారు. పిండిలోంచి పిండిని ఎవరు ఏరతారు?

బుద్ధున్నవాడు అక్కడ ఆగుతాడు. నాకు కోపం వచ్చింది. ఎవరో నాతో బేరానికి దిగారు, నేను బేరంలో ఓడేవాణ్ణి కాదు అనుకున్నాను. రెండు దారాలూ పళ్ళతో తెంపి, మొత్తం తేనెలో పోసి, పైన ఇంకో చిటికెడు పొడి కొసరు వేసి అన్నకు నాకించాను. కాగితాలు, దారాలు పొయ్యిలో వేశాను. అవి కాలడం నా కళ్ళతో చూశాను.

రెండు గంటలు తిరక్కముందే అన్న ఒళ్ళు పెనంలా కాలింది. చేతులు కొట్టుకున్నాయి, దవడ బిగిసింది. "తలకాయ పగుల్తుంది తమ్మీ," అన్నాడు, ఆ తర్వాత మాట లేదు. తాండూరు డాక్టరు ఊళ్ళో లేడు. నా చొక్కా నిండా అన్న కక్కిన తేనె. వదినె దండెం మీది ఉతికిన చొక్కా ఇస్తే తొడుక్కుని, వదినెతో కలిసి అన్నను ప్యాసింజర్‌లో వికారాబాదు డాక్టరు దగ్గరికి మోసుకుపోయాను.

ఆయన మాత్రల చీటీ చూసి, "ఇవి గాక ఇంకేమన్న తిన్నడా?" అని అడిగాడు.

ఎదురుగా వదినె ఉంది. "ఏం లేదు సాబ్," అన్నాను. ఆ పూట కూడా నా పరువుకే బేరం ఆడాను.

ఆయన సూదిలోకి మందు ఎక్కించి అన్న చెయ్యి పట్టుకున్నాడు. చెమట తుడుచుకుందామని రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాను. ఎడమచేతి ముడి వేసిన రెండు పొట్లాలు నేల మీద పడ్డాయి.

డాక్టరు ఒకటి తీసి కత్తెరతో దారం తెంపాడు. వేరుపొడి. వాసన చూశాడు, సూది పక్కన పెట్టాడు.

"గిది ఎవరు పెట్టిన్రు?"

"నేనే సాబ్."

"వైద్యుడివా?"

"కిరాణా దుకాణం."

"గీ రెండూ ఒక్క కడుపుల పడితే ఏమైతదో నాకే పూరా తెల్వది. నీకెట్ల తెలిసె?" అన్నాడు. ఇందాకటి సూది పడి ఉంటే మనిషి దక్కేవాడు కాడని కూడా చెప్పాడు. వదినె నా మొహం చూడలేదు. ఆ తర్వాత ఏడాది పాటు చూడలేదు.

మూడు రోజులు తడిగుడ్డలు వేస్తూ కూర్చున్నాం. అన్న బతికాడు. మాట సరిగా తిరగడానికి ఇంకో వారం పట్టింది. ఆ తర్వాత డాక్టరు చెప్పిన మందు, చెప్పినంతే. కాలాలు రెండూ పూర్తిగా పోలేదు గానీ చేదతాడు మళ్ళీ బావి మీదికి వచ్చింది.

కాలిన కాగితాలు ఉతికిన చొక్కా జేబులోకి ఎలా వచ్చాయో తెలిస్తే చెప్పేవాణ్ణి. ఆ ముడి వెయ్యడానికి ఎడమచేత్తో నేను చేసిన ప్రయత్నం చూసి కొట్లో గిరాకీలు నవ్వారు. నాకంటే తెలివైనవాళ్ళను అడిగాను. వాళ్ళు చెప్పిన కారణాలు నేను అమ్మే గుమ్మడికాయల కంటే చవకగా ఉన్నాయి.

డాక్టరు విప్పని రెండో పొట్లం నేనే తెచ్చి పెట్టెలో పెట్టాను. ఈ సంగతులేవీ అన్నకు చెప్పలేదు. కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కొట్లోకి వచ్చి, దేనికోసమో పెట్టె తెరిచి, దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"నాయిన కట్టింది గదా గిది," అన్నాడు. "ఇంకా ఎవరికియ్యలేదేంది?"

అన్న దాన్ని ఎక్కడిదక్కడ పెట్టి మూత వేశాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. నేను విప్పలేదు. విప్పితే మళ్ళీ కట్టడం నాకు రాదు.