అదొమాకో మాస్టారి నడుము కొలత

అదొమాకో మాస్టారు మొదటిసారి మా గదికి వచ్చినప్పుడు, బల్ల మీద పడుకోకముందే నా గౌను చేతులు చూశాడు.

"ఎడమ చెయ్యి అరంగుళం పొడుగుంది. ఎవరమ్మాయ్ కుట్టింది, నీ శత్రువా?"

గోడవారన సంచీ పట్టుకుని నిలబడ్డ ఆయన భార్య ఫ్రెమా, "ఈయన్ని బట్టలిప్పమంటే ఎదుటివాళ్ళ బట్టలు చూస్తున్నాడు" అంది.

మా కుమాసి ఊళ్ళో చావులకి కట్టుకునే బట్టలు కుట్టే దర్జీల్లో ఆయనకి మంచి పేరు. నలుపూ ఎరుపూ తప్ప వేరే రంగు గుడ్డ ఆయన దుకాణంలో కనబడదు. నలభై రెండేళ్ళుగా అదే పని. మా దగ్గర చావు కార్యాలు శనివారాలే చేస్తారు; ఏ వీధిలో జరిగినా, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో సగంమంది ఒంటి మీద ఆయన కుట్టే ఉండేది. మా నాన్న పోయినప్పుడు నా ఒంటి మీదా అదే.

దుకాణం వెనక్కి గంటకి మూడుసార్లు వెళ్ళి రావడం, వెళ్ళినా సరిగ్గా పోయలేకపోవడం ఆయన ఏడాదిపాటు దాచుకున్నాడు. ఫ్రెమా కనిపెట్టి ఆసుపత్రికి లాక్కొచ్చింది. ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అన్నారు. ఇంకా బయటికి పాకలేదన్నారు. ఆరు నెలలు ఇంజెక్షన్లు ఇచ్చి, కిరణాల వైద్యానికి మా దగ్గరికి పంపారు.

కిరణాలు పెట్టేది నేను కాదు. నాది దానికి ముందు జరిగే పని. కడుపు ఖాళీ చేయించి, లెక్కగా నీళ్ళు తాగించి, ఉచ్చసంచి నిండేదాకా కూర్చోబెట్టి, అప్పుడు మనిషిని బల్ల మీద కదలకుండా పడుకోబెట్టి స్కానింగ్ బొమ్మ తీస్తాను. ఆ బొమ్మ మీద డాక్టరు గ్రంథి చుట్టూ గీత గీస్తారు. కిరణం ఎటునుంచి ఎంత పడాలో లెక్క కట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. తర్వాత ఎనిమిది వారాలు, ఆదివారాలూ శనివారాలూ తప్ప రోజూ, మనిషి ఆ బొమ్మలో పడుకున్నట్టే పడుకోవాలి. అందుకు ఒంటి మీద మూడు గుర్తులు పెడతాను. బొడ్డు కింద ఒకటి, రెండు తుంట్ల మీదా చెరొకటి.

ఇదంతా చెప్పబోతుంటే మాస్టారు చెయ్యెత్తి ఆపాడు. గుర్తు చెరిగాక కత్తెర వేసే దర్జీ ఎవడూ ఉండడని, తనకి చెప్పక్కర్లేదని అన్నాడు.

గుర్తులు రెండు రకాలు. సూదితో సిరా చుక్క పొడిస్తే ఎప్పటికీ పోదు. పెన్నుతో గీస్తే సబ్బు తగలకుండా కాపాడుకోవాలి. సూది అనగానే ఫ్రెమా ముందుకొచ్చింది. మాస్టారి పెద్దన్న మంచాన ఉన్నాడు. ఆయన తర్వాత తల్లివైపు వంశానికి పెద్దగా పీట మీద కూర్చోవలసింది మాస్టారే. వాళ్ళ ఇంట్లో ఒంటి మీద గాటు గానీ పొడిపించుకున్న మచ్చ గానీ ఉన్నవాణ్ణి ఆ పీట ఎక్కనివ్వరు. ముసలమ్మలు ఒళ్ళంతా చూశాకే ఒప్పుకుంటారు.

"నువ్వు పెన్నుతోనే గియ్యి తల్లీ" అంది ఫ్రెమా. "చెరగనివ్వకుండా చూసే పూచీ నాది. రోజూ నేనే తడిగుడ్డతో తుడుస్తాను."

ఊదారంగు పెన్నుతో మూడు కూడికగుర్తులు గీశాను. మూడు వారాల తర్వాత కిరణాలకి రమ్మన్నాం. గుర్తులు పోతే మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలని, ఉన్నది ఒక్కటే మిషను కాబట్టి వరసలో ఆయన వంతు ఆరు వారాలు వెనక్కి పోతుందని చెప్పాను. ఫ్రెమా ఆ మాట నాచేత రెండుసార్లు చెప్పించుకుంది.

తొమ్మిదో రోజు ఆమె బజారులో అరటికాయల గంప దించుకుంటూ కూలిపోయింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు.

మూడు వారాలకి మాస్టారు ఒక్కడే వచ్చాడు. నల్లగుడ్డ కట్టుకున్నాడు. చావు బట్టలు కుట్టే మనిషి కదా, నాకు తేడా తెలియలేదు. కాసేపటికి మిషను గదిలోంచి నన్ను పిలిచారు. గోడల నుంచి వచ్చే ఎర్రటి వెలుగు గీతలు మూడు గుర్తుల మీదా సరిగ్గా పడుతున్నాయి. కానీ ఎక్స్‌రే తీస్తే ఎముకలు బొమ్మలో ఉన్నచోట లేవు. బొటనవేలి వెడల్పంత పక్కకి జరిగాయి.

వంగి గుర్తులు చూశాను. నేను గీసే కూడికగుర్తుకి అడ్డగీత ఎప్పుడూ కొంచెం వంకర. ఇవి తిన్నగా, నాలుగు వైపులా సమానంగా ఉన్నాయి.

"మాస్టారూ, ఇవి నేను గీసినవి కావు."

ఆయన పైకప్పు కేసి చూస్తూ పడుకున్నాడు. ఫ్రెమా పోయిందని అప్పుడు చెప్పాడు. పూడ్చిన మర్నాడు పొద్దున్నే, వాళ్ళ చుట్టాల్లో మొగుడు పోయిన సర్పోమా అవ్వ ఆయనకి స్నానం చేయించింది. పెళ్ళాం పోయిన మగాణ్ణి, మొగుణ్ణి పోగొట్టుకున్న పెద్దామె ఎవరైనా ఆకులు కాచిన నీళ్ళతో పీచు పెట్టి తోమాలి. లేకపోతే పోయినామె తోడు కోసం తిరిగొస్తుందంటారు. మూడు చోట్ల మాత్రం వదిలెయ్యమని ఆయన అవ్వని బతిమాలాడట. నీళ్ళు తగలని చోటు చూసుకుని ఫ్రెమా అక్కడే వచ్చి కూర్చుంటుందంటూ, అవ్వ ఊదారంగు పూర్తిగా పోయేదాకా తోమిందట.

"వద్దనాల్సింది కదా" అన్నాను.

"ఫ్రెమా అన్నదమ్ములంతా చుట్టూ నిలబడి ఉన్నారమ్మాయ్. వద్దంటే, వీడు దాన్ని తలుచుకుని ఏడవనైనా ఏడవలేదంటారు."

అయితే స్నానానికి ముందే తలుపేసుకుని టేపు తీశాడు. బొడ్డు నుంచి ఎంత, తుంటి ఎముక నుంచి ఎంత, గుర్తుకీ గుర్తుకీ మధ్య ఎంత, అన్నీ కొలిచి గుడ్డముక్క మీద రాసుకున్నాడు. ఇవాళ పొద్దున అద్దం ముందు నిలబడి, ఆ కొలతల ప్రకారం తిరిగి గీసుకున్నాడు.

"కొలత తప్పలేదు. మూడుసార్లు చూసుకున్నా."

ఆయన జేబులోని టేపు తీసుకుని నడుము చుట్టూ పట్టాను. ముప్ఫై మూడు. మా కాగితంలో ముప్ఫై ఆరు అని ఉంది. ఈ పన్నెండు రోజులుగా ఇంట్లో పొయ్యి వెలిగించలేదట.

టేపు ఆయనకిచ్చాను. ముప్ఫై మూడు అంకె మీద గోరు పెట్టాడు.

"కొలతిచ్చాక నువ్వు తగ్గితే దర్జీదా తప్పు అని గిరాకీలతో పోట్లాడేవాణ్ణి" అన్నాడు.

ఆయన వంతు వెనక్కి పోకుండా ఎలాగైనా చూడమని డాక్టరుగారిని అడిగాను. ఒళ్ళే మారిపోయాక పాత లెక్కతో కిరణం పెడితే పేగు కాలుతుందన్నారు. అది నాకూ తెలుసు. ఇంకో ఇంజెక్షను రాసిచ్చి, ఆరు వారాల తర్వాత రమ్మన్నారు.

ఆరు వారాలకి మాస్టారు వచ్చాడు. నీళ్ళు తెచ్చుకోవడం మర్చిపోతే నా సీసా ఇచ్చాను. బల్ల మీద పడుకుంటూ, ఈసారి సూదితోనే పొడవమన్నాడు.

"పీట సంగతో?" అన్నాను.

"మా చెల్లెలి కొడుకు కూర్చుంటాడు. పెన్నుతో గీస్తే కాపాడే మనిషేదీ?"

బొమ్మ తీసేటప్పుడు నేను అద్దం ఇవతల ఉంటాను. తెర మీద ఆయన నడుము లోపలి భాగం ఒక్కొక్క పొరగా వస్తోంది. గ్రంథికి ఎడంపక్క, పాత బొమ్మలో ఏమీ లేనిచోట, బఠాణీ గింజంత ఉబ్బు కనబడింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. అక్కడే ఉంది. అది ఈ ఆరు వారాల ఆలస్యంలో పుట్టిందో, అంతకుముందే ఉండి దొరకలేదో నాకు తెలియదు. చెప్పవలసింది కూడా నేను కాదు.

లోపలికి వెళ్ళి మూడు చుక్కలూ పొడిచాను. మాస్టారు మోచేతి మీద లేచి, బొడ్డు కింద చుక్క కోసం వెతుక్కున్నాడు.

"ఇంతేనా? గుండీకి సూది దిగినంత కూడా లేదు. దీనికా మా ఫ్రెమా అంత భయపడింది."

చొక్కా వేసుకుంటూ, బొమ్మ బాగా వచ్చిందా అని అడిగాడు.

"డాక్టరుగారు చూసి చెబుతారు మాస్టారూ."

ఆయన నా మొహం కేసి చూశాడు. నా గౌను ఎడమ చెయ్యి పట్టుకుని, అంచు అరంగుళం లోపలికి మడిచి, తన కాలరు కింద గుచ్చుకున్న గుండుసూది తీసి అక్కడ పెట్టాడు.

"రేపు ఎవరిచేతైనా పంపు. సరిచేసిస్తా" అన్నాడు.