ఇంజన్‌కు పట్టుకెళ్లిన కుంకుమ

మా నాన్న సరుకు ఓడలో, ఇంజన్ గదిలో పనిచేసేవాడు. నాచారంలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. వీధిలో మిగతా నాన్నలు ఫ్యాక్టరీ నుంచి సాయంత్రానికి ఇల్లు చేరేవారు. మా నాన్న ఏడాదికోసారి వచ్చేవాడు.

"మీ నాయన నిజంగ ఉన్నడా, ఫొటోలల్లనే ఉంటడా?" అని పక్కింటి మామ ఆటపట్టించేవాడు. అందరూ నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

దసరాకు ఆయన ఇంజన్‌కు బొట్టు పెట్టి, దండ వేసి, ఆ ఫొటో మాకు పంపేవాడు. అమ్మ పోయిన రోజు కూడా ఓడ నడిసముద్రంలోనే ఉంది. దినాలన్నీ అయ్యాక వచ్చాడు. కంట చుక్క నీరు లేదు. అలసిపోయాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆయన రిటైరయ్యాక, ముసలిదైపోయిన ఆ ఓడను చేపలకు ఆవాసంగా ఉంటుందని తీరానికి దూరంగా ముంచేశారు. దాన్ని చూడడానికి జనం డబ్బిచ్చి మరీ నీళ్లలోకి దిగుతున్నారని తెలిసింది. తెలంగాణ రావడానికి కాస్త ముందు మాట ఇది. అప్పుడు నాకు ఉప్పల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పట్టుబట్టి స్కూబా నేర్చుకున్నాను. మా అమ్మకంటే ఎక్కువైపోయిన ఆ ఇంజన్‌ను ఒక్కసారి కళ్లారా చూడాలనుకున్నాను.

బయల్దేరేటప్పుడు నాన్న కుంకుమ పొట్లం చేతిలో పెట్టాడు. "జర దానికి బొట్టు పెట్టు బిడ్డా. మస్తు దినాలైంది."

"నీళ్లల్ల బొట్టు నిలుస్తదా నాయనా?"

"నిలవకున్నా పెట్టు."

ముప్పై మీటర్ల లోతున, శిక్షకుడి వెనకే ఇంజన్ గదిలోకి వెళ్లాను. ఇంజన్ లేదు. ముంచకముందే పీకి తుక్కు కింద అమ్మేశారని పైకొచ్చాక చెప్పారు. అది కూర్చున్న దిమ్మ మాత్రం ఉంది, బోల్టుల కన్నాల్లో చేపపిల్లలు దూరి ఉన్నాయి. ఏం చేయాలో తోచక అక్కడే పొట్లం విప్పాను. అంత లోతులో ఎరుపు ఎరుపులా కనబడదు. కుంకుమ నల్లగా మసిలా లేచి నా ముఖం మీదుగా పోయింది.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మెత్తగా చెప్పాలని కూడా అనిపించలేదు.

"ఇంజన్ లేదా?"

"లేదు నాయనా. తుక్కుల అమ్మిన్రట."

గోడకు రెండు ఫొటోలున్నాయి. ఒకటి దండ వేసిన ఇంజన్‌ది, పక్కనే దండ వేసిన అమ్మది. నాన్న అటు చూసి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఆఖరికి నేను దగ్గర లేకపోతి బిడ్డా" అన్నాడు.

అమ్మ గురించి ఆ ఒక్క మాట అంటాడని ఏళ్ల తరబడి ఎదురుచూశాను. ఆయన చూపు ఇంజన్ ఫొటో మీదే ఉంది.