పసుపు రంగు తేలకముందు

మన రక్తాన్ని ఇంత జ్ఞానంతో నిర్మించిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన నా దారిలో నిలిపిన మంచి మనుషుల కోసం మరోసారి స్తోత్రం.

ఈ ఉదయం మౌలాలిలోని మా ల్యాబులో రక్తపరీక్ష ప్లేటు గుంటల్లో ఆఖరి చుక్క వేస్తుంటే నీలం పసుపుగా మారింది. ఆ రంగు చూసినప్పుడల్లా నాకు సుగుణ మేడం గొంతు వినిపిస్తుంది. "ఏం ఎస్తేరూ, ప్రార్థన అయిందా? దేవుడు విన్నడు గానీ, పిపెట్ మాత్రం నువ్వే పట్టాలె."

తార్నాక పక్కన యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆమె దగ్గర నేను పరిశోధన చేశాను. హెర్పిస్ వైరస్ మీద శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలను పట్టే రక్తపరీక్షలను పోల్చడం మా పని. కొన్ని కిట్లు హెర్పిస్ సోకిందని మాత్రమే చెబుతాయి. చిన్నతనంలోనే చాలామందికి అంటుకుని పెదవి మీద పొక్కులు తెచ్చే మొదటి రకమా, ఎక్కువగా లైంగికంగా సోకే రెండో రకమా అన్నది విడదీయలేవు. అందుకే ఒకే రక్తాన్ని రెండు మూడు పద్ధతుల్లో చూసేవాళ్లం. ఒక్క సాక్షి మాట మీద ఎవరికీ తీర్పు చెప్పకూడదని సండే స్కూల్లో నేర్చుకున్నాను. చర్చి గడప తొక్కని మేడం దగ్గర అది రోజూ చూశాను.

మా సంఘంలో ఒకమ్మాయి, సుజాత అందాం, గర్భిణిగా ఉన్నప్పుడు బయటి ల్యాబు రిపోర్టులో హెర్పిస్ పాజిటివ్ అని వచ్చింది. భర్త ప్రకాష్ ఫోన్‌లో ఏదేదో చదివి, ఆమెను రామంతాపూర్‌లోని పుట్టింట్లో దింపి మాట్లాడడం మానేశాడు. డాక్టరు సలహాతో ఆమె రక్తం మా దగ్గరికి వచ్చింది. ఫలితం రోజున సుజాత కోరితే అతనూ వచ్చాడు. ఆమె వరండాలో బెంచీ మీద ఒక్కతే కూర్చుంది. ప్లేటు ఇంకా ఇంక్యుబేటర్ అనే వెచ్చని పెట్టెలో ఉండగానే మేడం అతన్ని లోపలికి పిలిచారు.

"ఎవల తప్పో తేలుతదా మేడం?"

"తేలదు బాబూ. రెండో రకమే వచ్చినా, ఎవలి నుంచి, ఎప్పుడు అంటిందో రక్తం చెప్పదు. నీ నుంచే అయుండొచ్చు, నీకే తెల్వకపోవచ్చు."

"మరి గీ టెస్టెందుకు?"

"కడుపుల బిడ్డ ఉన్నది గదా. కాన్పప్పుడు డాక్టర్ జాగ్రత్త పడాలె. నీ అనుమానం కోసం కాదు."

అతను వరండాలోకి తొంగి చూశాడు. తర్వాత, "మంచినీళ్లు యాడున్నయ్ మేడం? పొద్దుగాల్నుంచి తను ఏం తాగలే" అన్నాడు. సీసా పట్టుకెళ్లి సుజాత పక్కన కూర్చున్నాడు.

పసుపు రంగు ఆ తర్వాతే తేలింది. రకాలను విడదీసే రెండు పద్ధతులూ ఒకటే చెప్పాయి. మొదటి రకం.

"నాదీ గదే రకం," అన్నారు మేడం వరండాలోకి వచ్చి. "చిన్నప్పుడు మా మేనత్తలు మూతి, బుగ్గ అని సూడకుండ ముద్దులు పెట్టిన్రు. ఇప్పుడు ఎవలెవల మీద కేసు పెట్టాలె?" సుజాత ఏడుస్తూనే నవ్వింది.

పరీక్ష ఏం చెప్పగలదో చదువు నేర్పింది. అది చెప్పలేనిదాన్ని ఫలితం రాకముందే చెప్పాలని మేడం నేర్పారు. ఈ ఉదయం కూడా అదే చేశాను. మా ల్యాబు బయట ఒక జంట కూర్చుని ఉంది, మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి. ప్లేటు చదవడానికి వెళ్తున్నాను. ఆ ఖాళీ కుర్చీలోకి ఇద్దరిలో ఒకరైనా జరగాలని, ఇది చదువుతున్న మీరూ నాతోపాటు ఒక్క నిమిషం ప్రార్థించండి.