గేటు పుస్తకంలో ఖాళీ గళ్లు

మా మేనత్త మల్లమ్మ పురానాపూల్ కింద మూసీ ఒడ్డున బర్రెలకు గడ్డి పెంచుతుంది. ఎగువ చెరువు గేట్లు నది నడకను ఎంత మార్చాయో లెక్కగట్టే గణాంక నమూనా ఒకటి నేను మూడేళ్లుగా తయారుచేస్తున్నాను. అందులో చూసి, ఆ గట్టు మీద వరద ఒక్క రోజుకు మించి నిలవదని చెప్పాను. అత్త నమ్మి, కొట్టం కోసం అక్కడ గుంజలు పాతించింది. పాతించాక, ఓసారి నాలుగు రోజులు నీళ్లు నిలిచాయని తాపీగా చెప్పింది. ఆ తర్వాత నాకు నిద్ర పడితే ఒట్టు.

ఉదయం ఏడున్నరకు హుస్సేనీ ఆలంలో చాయ్ తాగి, అసలు లెక్క చూద్దామని చెరువుకు బయల్దేరాను. మెహదీపట్నంలో బస్సు మారాలి. ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ కార్డు మాత్రం మరవకండి. పక్క సీటామె ఒళ్లో లాడ్ బజార్ గాజుల పెట్టె. బస్సు కుదిపినప్పుడల్లా అవి గలగలమంటుంటే సగం నిద్రలో నది కనిపించింది. గేట్లు లేవు, వానకు తగ్గట్టు ఉబ్బుతూ, తగ్గుతూ తన ఇష్టాన పారుతోంది. నా నమూనాలో రెండు నదులుంటాయి, ఒకటి చెరువు కట్ట ఉన్నది, ఇది కట్ట లేని నది. నేనెన్నడూ చూడని ఆ నది మీద నాకు చెప్పలేనంత ప్రేమ.

తొమ్మిదిన్నరకు చెరువు చేరాను. గేట్లు చూసే యాదగిరి అనే పెద్దాయన నా కాలేజీ ఉత్తరం చదివి, రోజుకో గడి చొప్పున గీసిన గేటు పుస్తకం తెరిచాడు. దీని నకలు మీదే నా లెక్కంతా నడిచింది. అత్త చెప్పిన వరద దగ్గర, గేటు ఎంత ఎత్తారో ఒక రోజు రాసి ఉంది, కింద మూడు గళ్లు ఖాళీ. ఖాళీ అంటే గేట్లు మూసినట్టే కదా అని అడిగాను.

"మూస్తే మూసినమని రాస్తం బిడ్డా. మారితేనే రాసుడు. ఖాళీ ఉన్నదంటే నిన్నటి లెక్కనే."

అంటే నేను మూసినట్టు లెక్కగట్టిన ఆ మూడు రోజులూ గేట్లు తెరిచే ఉన్నాయి. ఆయన తన సద్దిలోంచి జొన్నరొట్టె పెట్టాడు. కట్ట మీద కూర్చుని, కదలని నీళ్లను చూస్తూ తిన్నాను.

రెండింటికి తిరుగు బస్సెక్కి, సాయంత్రం పురానాపూల్ దగ్గర దిగి, తప్పు నాదేనని అత్తకు చెప్పాను. ఆమె కొడవలి పక్కన పెట్టింది.

"నువ్వు జెప్పినవని నేను సూసింది మర్సిన. గుంజలే గదనే, పీకుదాం పా."

పీకాం. ఇంటికి నడుస్తూ, ఏ రోజు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆమె చెబుతుంటే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ నాలుగు రోజులకు నా దగ్గరున్న మొదటి నిజమైన లెక్క అదే.